524001లో ఏముంది?

పెద్దలకు, ముందు వరసలో కూర్చున్న పిల్లలకు నమస్కారం. జాతీయ గణిత దినోత్సవం కాబట్టి రామానుజన్ గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను. ముందు పెన్ను ఉన్నవాళ్లు ఒక సంఖ్య రాసుకోండి. 524001. మన నెల్లూరు హెడ్ పోస్టాఫీసు పిన్ కోడ్. దేశంలో పిన్ కోడ్‌లు 1972 ఆగస్టు 15న మొదలయ్యాయి. కవర్ల మీద ఎన్నిసార్లు రాసుంటామో! ఐదు లక్షల ఇరవై నాలుగు వేల ఒకటి అని ఎప్పుడైనా చదివామా?

నా చేత చదివించింది ఒక ఏడో తరగతి పాప. ఆ రోజు భాజనీయతా సూత్రాలు చెబుతున్నాను. ఈ నంబరు చెప్పి, "సార్, అంకెలు కూడితే 12, అంటే 3తో పోతుంది, 174667 వచ్చింది, తర్వాత?" అంది. "చాలమ్మా, కూర్చో. పరీక్షలో ఇంత పెద్దవి రావు" అన్నాను. కూర్చుంది.

మర్నాడు ప్రార్థన బెల్లుకు ముందే స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. నోటుపుస్తకంలో నాలుగు పేజీల భాగహారాలు. 7తో పోలేదు, 11తో పోలేదు, 13, 17 కూడా లేదు. 19తో పోయింది! 9193 మిగిలింది. అది 29తో పోయి 317 వచ్చింది. "ఇది ఇంక పగలదు సార్" అంది. ఎట్లా తెలుసమ్మా అన్నాను. "17 దాకా చూశాను. 19ని 19తో గుణిస్తే 361, 317 దాటిపోయింది కదా సార్." అది నేను చెప్పిన పాఠం కాదు.

3, 19, 29, 317. నాలుగు ప్రధాన సంఖ్యలు, ఏదీ రెండుసార్లు రాలేదు. ఎవరు ఎటునుంచి విడగొట్టినా ఈ నాలుగే వస్తాయి. వీటితో 16 కారణాంకాలు. 28ని చూడండి, తనను వదిలేసి మిగతా కారణాంకాలు కూడితే మళ్లీ 28 వస్తుంది, అందుకే పరిపూర్ణ సంఖ్య. మనదానికి అట్లా కూడితే 239199, సగం కూడా రాదు. పక్కనున్న ఒంగోలు 523001 అయితే 31 ఇంటూ 16871, అంతే. రెండూ ప్రధాన సంఖ్యలే.

రామానుజన్ దగ్గరికి వస్తాను. ఆయన్ని చూడటానికి వస్తూ ఇంగ్లండ్ గణిత శాస్త్రవేత్త హార్డీ ఎక్కిన టాక్సీ నంబరు 1729. ఏ విశేషమూ లేని సంఖ్య అన్నాడు హార్డీ. కాదు, రెండు ఘనాల మొత్తంగా రెండు రకాలుగా రాయగల సంఖ్యల్లో అదే చిన్నది అన్నాడు రామానుజన్. 1, 12ల ఘనాలు కూడినా అదే, 9, 10ల ఘనాలు కూడినా అదే. దాన్ని విడగొడితే 7, 13, 19. ఆ 19 మన పిన్ కోడ్‌లోనూ ఉంది! నేను "చాలు" అన్నది దానికి ముందు మెట్టు మీదే. ఇన్నేళ్లయినా ఆ మాట నన్ను వదల్లేదు. టీచర్లూ, తల్లిదండ్రులూ, చేతులు జోడించి అడుగుతున్నాను, పిల్ల భాగిస్తుంటే సిలబస్ టెన్షన్ పెట్టి ఆపొద్దు.

కావలి పిల్లలు వచ్చారు కదా? మీది 524201. అంకెలు కూడితే 14, 3తో పోదు. 7 నుంచి మొదలుపెట్టండి. సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను.