మూకుడులో కేకు, మధ్యలో సబ్బు తగాదా

అక్క: నమస్కారం. పోయినసారి మాట ఇచ్చాం కాబట్టి ఈ వారం పోత ఇనుము పెనంలో పైనాపిల్ కేకు. తమ్ముడు అప్పుడే ఓవెన్‌లో పెట్టేశాడు.

తమ్ముడు: పెట్టి పావుగంట అయింది. మనం మాట్లాడుతుండగానే గంట మోగుతుంది.

అక్క: బెల్లమేనా?

తమ్ముడు: బెల్లమే. సంక్రాంతి భాగంలో చక్కెరా, బెల్లమా అని వాదించుకున్నాక వచ్చిన ఉత్తరాలన్నీ నీ పక్షమే కదా, ఇంకేం చేస్తాను.

అక్క: మంచిది. కథ చెప్పు.

తమ్ముడు: 1925లో అమెరికాలో హవాయి పైనాపిల్ కంపెనీ వాళ్లు వంటల పోటీ పెట్టారు. దాదాపు 60,000 ఉత్తరాలు వస్తే, వాటిలో 2,500 దాకా ఈ తలకిందుల కేకు గురించేనట. అడుగున వెన్న, చక్కెర కరిగించి, పండు ముక్కలు పరిచి, పైన పిండి పోసి, ఉడికాక పళ్లెంలోకి బోర్లించడం. ఇంటింటా ఇనుప పెనం ఉండేది కాబట్టి అందులోనే చేసేవారు.

అక్క: మన దిబ్బరొట్టె కూడా అంతే కదా! మందపాటి మూకుడులో నూనె వేసి, మినప్పిండి అంగుళం పైన మందంగా పోసి, మూత మీద నిప్పులు పెట్టేవారు. కింద సెగ, పైన సెగ. ఓవెన్ అంటే అదే.

తమ్ముడు: ఒకటి. దిబ్బరొట్టె మాట ఎత్తావు.

అక్క: లెక్కపెట్టుకో. అమెరికాలోనూ నిప్పులు జారిపోకుండా మూతకు అంచు కట్టిన ఇనుప పాత్రలు ఉండేవని నువ్వే చెప్పావు.

తమ్ముడు: నిజమే, చెప్పాను. సరే, పద్ధతి తొందరగా చెప్పేస్తాను. పది అంగుళాల పెనం. 60 గ్రాముల వెన్న, 100 గ్రాముల బెల్లం తురుము సన్నని సెగ మీద కరిగించాలి. సన్నని సెగ అని ఎందుకంటున్నానంటే, పోత ఇనుములో వేడి నెమ్మదిగా పాకుతుంది. అల్యూమినియంతో పోలిస్తే నాలుగో వంతు కూడా ఉండదు. మంట పెంచితే నడుమ మాడుతుంది, అంచు చల్లగానే ఉంటుంది. కానీ ఒకసారి వేడెక్కిందంటే వదలదు. అందుకే కేకు పూర్తిగా అయ్యేదాకా ఆగకుండా రెండు మూడు నిమిషాల ముందే దించాలి. మిగతా ఉడుకు పెనమే చూసుకుంటుంది. ఓవెన్ 175 డిగ్రీలు. దించిన పది నిమిషాలకు బోర్లించాలి. ఇంకా ఆగితే పాకం గట్టిపడి ముక్కలు అడుగునే ఉండిపోతాయి.

అక్క: పుల్లటి పండు కదా, ఇనుముకు పడుతుందా?

తమ్ముడు: అరగంట, ముప్పావు గంటకు ఏమీ కాదు. రాత్రంతా పెనంలోనే ఉంచితేనే ఇబ్బంది. పైగా వెంటనే కడిగేస్తాం కదా, వేడినీళ్లు, రెండు చుక్కల సబ్బు...

అక్క: సబ్బా?

తమ్ముడు: సబ్బే.

అక్క: ఇనుప పెనానికి సబ్బు పెడతావా? దోసెల పెనానికి ఎప్పుడైనా సబ్బు తగిలించామా మన ఇంట్లో? సగానికి కోసిన ఉల్లిపాయను నూనెలో ముంచి రుద్దడమే కదా! ఏళ్ల తరబడి పట్టిన నూనె అది.

తమ్ముడు: అక్కడే నేను ఒప్పుకోను. అది ఇప్పుడు నూనె కాదు. పలుచగా రాసిన నూనె బాగా వేడెక్కితే గట్టిపడి పొరలా ఇనుముకు అతుక్కుపోతుంది. అవిసె నూనెను చిత్రకారులు రంగుల్లో కలిపేది ఎందుకు? ఆరి గట్టిపడుతుందనే. ఆరిపోయిన రంగు సబ్బు నీళ్లకు పోతుందా?

అక్క: మరి పెద్దవాళ్లు వద్దని ఎందుకన్నారు?

తమ్ముడు: పాతకాలపు సబ్బుల్లో కాస్టిక్ సోడా మిగిలి ఉండేది. ఆ క్షారం ఈ పొరను తినేస్తుంది. బూడిదతో తోమినా అంతే, అందులోనూ క్షారం ఉంటుంది. వాళ్లు చెప్పింది ఆనాటికి సరైనదే. ఇప్పటి గిన్నెల సబ్బు వేరు.

అక్క: నువ్వు లెక్కలు చెబుతావు, నేను చేతితో చూసింది చెబుతున్నాను. సబ్బు పెట్టిన మర్నాడు నా దోసె అంటుకుంది.

తమ్ముడు: కడిగాక పొయ్యి మీద పెట్టి తడి ఆరబెట్టావా? చుక్క నూనె రాశావా?

అక్క: ...గుడ్డతో తుడిచాను.

తమ్ముడు: ఆ మిగిలిన తడి వల్లే అంటుకుంది. పోనీ, కేకు చేసిన పెనంలో మర్నాడు దోసె పోస్తే ఏ వాసన వస్తుంది?

అక్క: గుడ్డు నీచు. అందుకే కేకుకు వేరే పెనం పెట్టుకోమని మొదటి నుంచీ చెబుతున్నాను. దిబ్బరొట్టె మూకుడులో గుడ్డు పడనివ్వను.

తమ్ముడు: రెండు.

అక్క: నవ్వులాట కాదు. నాయనమ్మ మూకుడు గుర్తుందా నీకు?

తమ్ముడు: ఉంది.

అక్క: పెళ్లి హడావిడిలో ఎవరో అందులో చింతపండు నీళ్లు పోసి రాత్రంతా వదిలేశారు. పొద్దున చూస్తే లోపలంతా ఎర్రగా తుప్పు. నాయనమ్మ ఎవరినీ ఒక్క మాట అనలేదు. పెరటి మెట్ల మీద కూర్చుని కొబ్బరి పీచుతో రుద్దుతూనే ఉంది. చీర అంచుకు తుప్పు మరకలు. తర్వాత నువ్వుల నూనె రాసి, పిడకల సెగ మీద పెట్టి, మళ్లీ రాసి, మళ్లీ పెట్టి... నాలుగు రోజులు. నాలుగో రోజు సాయంత్రం వేలితో లోపల తడిమి, ‘వచ్చింది’ అంది. ఆ మాట నా చెవిలో ఇంకా ఉంది. నీకు సబ్బు చిన్న విషయం. నాకు కాదు.

తమ్ముడు: (కాసేపు ఆగి) దాన్ని పాడు చేసింది పులుపు, రాత్రంతా నిలిచిన నీళ్లు. నేను చెప్పేదీ అదే అక్కా. తుప్పు పట్టినా పోత ఇనుము చచ్చిపోదు. నాయనమ్మ చేసిందే చెయ్యాలి. తుప్పంతా వదిలించి, పలుచగా నూనె రాసి తుడిచేసి, 230 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో గంటసేపు బోర్లించి ఉంచాలి. అలా మూడు నాలుగుసార్లు.

అక్క: ‘రాసి తుడిచేసి’ అన్నావు చూడు, అది అందరూ వినాలి. నూనె ఎక్కువైతే జిగురు కడుతుంది.

తమ్ముడు: అవును. ఆ మూకుడు నీ దగ్గరే ఉంది కదా. ఒక్కసారి ఇస్తావా?

అక్క: దేనికి?

తమ్ముడు: కేకుకు కాదు. దిబ్బరొట్టెకు.

అక్క: మూడు. ఈసారి నువ్వే అన్నావు.

తమ్ముడు: ఇస్తావా, చెప్పు.

అక్క: సబ్బు పెట్టనని ఒట్టు వెయ్యి ముందు.

తమ్ముడు: ఒట్టా? ఇంతసేపు నేను చెప్పింది... అదిగో, గంట మోగింది.

అక్క: ఆగు, గుడ్డ తీసుకో! పిడి కూడా ఇనుమే, కాలుతుంది...

తమ్ముడు: తెలుసు, తెలుసు. పళ్లెం ఇటు పెట్టు.