ఫోన్-ఇన్ కార్యక్రమం: సర్పగంధ, బీపీ, ఒక దిబ్బడేసిన ముక్కు

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. ఈ రోజు సర్పగంధ గురించి, దాని వేరులోంచి వచ్చిన బీపీ మందు రిసర్పిన్ గురించి మాట్లాడుకుందాం. గుండె జబ్బుల డాక్టరుగారు మనతో ఉన్నారు. లైన్లో ఎవరండీ?

శ్రోత: నమస్తే సార్. మా తాతగారికి ఎనభై దాటాయి. ఎన్నో ఏళ్ళుగా రిసర్పిన్ వేసుకుంటున్నారు. మొన్న కొత్త డాక్టరుకి చూపిస్తే "ఇంకా ఇది వాడుతున్నారా!" అన్నారు. ఈ మందుని బ్యాన్ చేశారా సార్?

డాక్టర్: అది పాతబడిన మందు బాబూ, అంతే. ఒకప్పుడు దాని వైభవం వేరు. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో సర్పగంధ మీద రాశాకే విదేశాల వాళ్ళ చూపు ఇటు పడింది. 1952లో స్విట్జర్లాండ్‌లో సీబా కంపెనీ వాళ్ళు వేరులోంచి రిసర్పిన్‌ని విడదీశారు. ఆ తర్వాత మెరుగైన మాత్రలు వచ్చాయి, ఇది వెనకబడింది. తాతగారి డోసు ఎంత?

శ్రోత: 0.1 మిల్లీగ్రాము అని ఉంది సార్. దాంతోపాటు ఒంట్లో నీరు తీసే మాత్ర ఒకటి.

డాక్టర్: పద్ధతిగానే ఉంది. 1991లో షెప్ అనే పెద్ద అధ్యయనం వచ్చింది, అరవై దాటినవాళ్ళ మీద. మొదట నీరు తీసే మాత్ర ఇచ్చారు. అది చాలకపోతే అటెనలాల్ అనే ఇంకో బీపీ మందు, అది పడనివాళ్ళకి 0.05తో మొదలుపెట్టి రిసర్పిన్. పక్షవాతం 36 శాతం తగ్గింది. ఆ ఘనతంతా రిసర్పిన్‌దే అనను, కానీ తక్కువ డోసులో అది పనికిమాలిన మందేం కాదు. తాతగారు హుషారుగా ఉంటారా?

శ్రోత: నన్నే ఆటపట్టిస్తుంటారు సార్.

డాక్టర్: అయితే కంగారు లేదు. మార్చాలా వద్దా అన్నది ఆ డాక్టరుగారే చూసుకుంటారు. మీరు మాత్రం సొంతంగా ఆపకండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. తర్వాతి కాల్. అమ్మా, చెప్పండి.

శ్రోత: హలో... వినపడుతోందా? మా ఆయనకి ముక్కు దిబ్బడండీ. రెండు నెలల్నించీ. జలుబు లేదు, తుమ్ములు లేవు, ఊరికే బిగుసుకుపోతుంది. చుక్కలు వేస్తున్నాం, తగ్గట్లేదు. మా చెల్లెలు ఆవిరి పట్టమంది, పట్టాం. ఇంకో ఆవిడ...

డాక్టర్: అమ్మా, బీపీకి ఏం వాడుతున్నారు?

శ్రోత: అటెనలాల్ అండీ, పొద్దున ఒకటి. దానికితోడు మా బావగారు సర్పగంధ వేరు పొడి తెచ్చిచ్చారు. మందులు తగ్గించుకోవచ్చు, ప్రకృతిసిద్ధం అని. అది మంచిదే కదండీ, ఏం చేయదు కదా. ఇంతకీ ఈ ముక్కుకి...

డాక్టర్: ఆగండాగండి. పొడి ఎంత వేసుకుంటారు?

శ్రోత: రాత్రి పడుకునేముందు ఒక చెంచాడు. నిండుగానే వేసుకుంటారు.

డాక్టర్: చెంచాడా! అమ్మా, వేరైనా అది మందే. దాని లోపల ఉన్నది ఆ రిసర్పినే. మాత్రగా ఇస్తే రోజుకి పావు మిల్లీగ్రాము దాటనివ్వం. ఒకప్పుడు వేరు పొడినే మాత్రలుగా కట్టి అమ్మేవారు, అవి 50, 100 మిల్లీగ్రాములవి. మీ నిండు చెంచా రెండు మూడు గ్రాములు తూగుతుంది, అంటే వాటికి పదింతలకు పైమాట. పైగా ఏ వేరులో ఎంత సత్తువ ఉందో కంటితో చూస్తే తెలీదు. ఎన్నాళ్ళైంది?

శ్రోత: మూడు నెలలు. బీపీ బాగానే తగ్గిందండీ! 110 వస్తోంది. అందుకే మానలేదు. ముక్కు ఒక్కటే...

డాక్టర్: ఆ ముక్కు దిబ్బడ దీనివల్లే. నరాల కొసల్లో చిన్న చిన్న సంచులుంటాయి. రక్తనాళాలను బిగించమని చెప్పే రసాయనం వాటిలో నిలవ ఉంటుంది. రిసర్పిన్ ఆ సంచులు నిండకుండా చేస్తుంది. అవి ఖాళీ అయ్యేసరికి నాళాలు వదులై బీపీ దిగుతుంది. ముక్కులో నాళాలూ వదులై ఉబ్బుతాయి, అదే దిబ్బడ. ఇక ఆ చుక్కలు మానండి, కొన్ని చుక్కలు బీపీని ఎగదోస్తాయి. బీపీ మెషీన్ ఇంట్లో ఉందా? దాంట్లో మూడో అంకె ఎంత?

శ్రోత: అడుగునుండేదా? నలభై ఆరు, నలభై ఏడు. అది నేను పట్టించుకోలేదండీ.

డాక్టర్: అది నాడి. అటెనలాల్ నాడిని తగ్గిస్తుంది, ఈ పొడీ తగ్గిస్తుంది. రెండూ కలిశాయి. కళ్ళు తిరగడం, కడుపులో మంట, మలం నల్లగా రావడం ఏమైనా ఉన్నాయా?

శ్రోత: మంట ఉందండీ. నలుపు లేదు. మరి ముక్కుకి ఏ చుక్కలు...

డాక్టర్: ముక్కు సంగతి తర్వాతమ్మా! మనిషి ఎలా ఉన్నారో చెప్పండి.

శ్రోత: మనిషా... ఎక్కువ మాట్లాడట్లేదండీ. వయసు కదా అనుకున్నా. తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటారు, లైటు కూడా వేయరు. అన్నం సయించదు. మొన్న మనవడు ఫోన్ చేస్తే తీయలేదు, ఎప్పుడూ ఇలా చేయలేదు. ఎందుకు తీయలేదంటే, "నేనుండి ఎవరికేం లాభం" అన్నారు.

డాక్టర్: (కాసేపాగి) అమ్మా, బాగా వినండి. ఇది వయసు కాదు. బీపీ దించినట్టే ఈ మందు మనసునీ దించుతుంది, ఎందుకంటే ఆ సంచులు మెదడులోనూ ఉన్నాయి. తెల్లవారకముందే మెలకువ, ఆకలి చచ్చిపోవడం, తనని తాను తక్కువ చేసుకోవడం, వీటిలో ఏది కనపడినా రిసర్పిన్ ఆపేయాలన్నది పాత పుస్తకాల్లోనూ ఉన్న మాటే. కొందరిలో ఆత్మహత్య దాకా వెళ్ళింది. ఇప్పుడు ఆయన ఎక్కడున్నారు?

శ్రోత: పక్క గదిలో... అయ్యో, నేను ముక్కు అనుకున్నానండీ...

డాక్టర్: మీ తప్పు లేదు, ముక్కు పేరుతోనైనా ఫోన్ చేశారు. పొడి ఇవాళే ఆపండి. అటెనలాల్ మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు, అది ఉన్నట్టుండి ఆపితే గుండెకి ప్రమాదం. ఈ పూటే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. పొడి డబ్బా కూడా పట్టుకెళ్ళి చూపించండి. నాడి 46, పైగా ఈ మాటలన్నారు అని చెప్పండి. ఆ మాటలు దాచొద్దు. తర్వాతి డోసు వేయాలా వద్దా వాళ్ళే చెప్తారు. ఆయన్ని ఒక్కరినీ వదలకండి, ఇంట్లో మందులన్నీ మీ దగ్గరే పెట్టుకోండి.

శ్రోత: పొడి మానేస్తే రేపటికి మామూలైపోతారా?

డాక్టర్: కారమ్మా. ఖాళీ అయిన సంచుల స్థానంలో కొత్తవి తయారవ్వాలి. దిగులైతే మానేశాక కూడా కొన్ని నెలలు ఉండొచ్చు. అందుకే రేపు కాస్త నవ్వారని నిఘా సడలించొద్దు. నేరుగా అడగండి కూడా, చచ్చిపోవాలనిపిస్తోందా అని. అడిగితే ఆ ఆలోచన వస్తుందని భయపడకండి, రాదు.

శ్రోత: సరేనండీ... మా బావగారితో ఏమనాలి?

డాక్టర్: ఆయన సంగతి రేపు. ముందు బయల్దేరండి.

వ్యాఖ్యాత: అమ్మా, ఫోన్ పెట్టేసి బయల్దేరండి. ఇంకో కాల్. హలో?

శ్రోత: సార్, మా ఆవిడ రిసర్పిన్ వాడుతోంది. దీనివల్ల రొమ్ము క్యాన్సర్ వస్తుందని భయపడుతోంది...

డాక్టర్: 1974లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన గొడవ అది. తర్వాత చేసిన అధ్యయనాలు చాలావరకు దాన్ని బలపరచలేదు. మీ ఆవిడకి ఎప్పుడైనా డిప్రెషన్ ఉందా, అది చెప్పండి.

శ్రోత: లేదు సార్.

డాక్టర్: కడుపులో పుండు?

శ్రోత: ఉండేది సార్, మానింది.

డాక్టర్: అయితే క్యాన్సర్ కంటే ఆ పుండు గురించి డాక్టరుకి ముందు చెప్పండి. ఈ మందు కడుపులో యాసిడ్ పెంచుతుంది.

వ్యాఖ్యాత: టైం తక్కువుంది, చివరి కాల్. క్లుప్తంగా అడగండి.

శ్రోత: వచ్చే వారం నాకు హెర్నియా ఆపరేషన్ అండీ. ఆ అమ్మగారి లాగే నేనూ వేరు పొడి వాడుతున్నాను. మందులేం వాడుతున్నారని రాయమంటే అది రాయలేదు. మందు కాదు కదా అని...

డాక్టర్: వేరైనా మందేనండీ, ఇందాకే చెప్పాను! మత్తు ఇచ్చే డాక్టరుకి ఇవాళే ఫోన్ చేయండి. ఇది ఒంట్లో ఉంటే మత్తులో బీపీ, నాడి ఎలా పడిపోతాయో, ఏ ఇంజెక్షన్‌కి ఒళ్ళు ఎలా స్పందిస్తుందో ఆయన ముందే తెలుసుకోవాలి. నిన్నే మానేశాను అన్నా సరే, చెప్పాల్సిందే.

శ్రోత: తిడతారేమో సార్.

డాక్టర్: తిట్టనీయండి.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. డాక్టరుగారికి ధన్యవాదాలు. ఇందాకటి అమ్మగారు ఇంకా వింటుంటే...

డాక్టర్: వింటుంటే రేడియో కట్టేసి వెళ్ళమనండి.