కథ ముందే చెప్పేయండి

(చుట్టుపక్కల ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులు కలిసే కాంప్లెక్స్ సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

కాంప్లెక్స్ మీటింగ్ అంటే రిజిస్టర్లు, సర్క్యులర్లు, మధ్యాహ్న భోజనం లెక్కలు అనుకుని వచ్చిన వాళ్లకు ఈ పూట కాస్త విశ్రాంతి. నేను రిటైరై నాలుగేళ్లయింది. మొన్న హెడ్మాస్టర్ గారు ఫోన్ చేసి, “మేడం, వచ్చే నెల మన కాంప్లెక్స్ పిల్లలను హనుమకొండకు సిండ్రెల్లా సంగీత నాటకానికి తీసుకుపోతున్నం. మన టీచర్లకు ఓ అరగంట చెప్పాలె” అన్నారు. ఏం చెప్పాలి సార్ అని అడిగితే, “పిల్లలు లొల్లి చేయకుండ ఎట్ల కూర్చోబెట్టాల్నో చెప్పండి” అన్నారు. సార్ ఇక్కడే ఉన్నారు, ఏమీ అనుకోరు. నేను దానికి ఉల్టా చెప్పడానికే వచ్చాను. చివర్లో మీ అందరితో ఒక పని కూడా చేయిస్తాను, ఎవరూ మధ్యలో లేచి పోవద్దు.

చాలా ఏళ్ల కింద, మొదటిసారి నలభై రెండు మంది పిల్లలను ఇలాంటి నాటకానికే తీసుకెళ్లాను. రెండు, మూడు తరగతుల వాళ్లు. బస్సు ఎక్కినప్పటి నుంచి హాలు దాకా ఒకటే పాట నాది: “మాట్లాడితే చూడు. నోటి మీద వేలు.” పాపం, వేలు పెట్టుకునే లోపలికి వచ్చారు. కుర్చీల్లో కూర్చున్నారు. ఆ కుర్చీలు సినిమా హాల్లో లాగా మడతపడేవి. సన్నగా ఉన్న పిల్లలు వెనక్కి జరగ్గానే కుర్చీ మూసుకుపోయి మోకాళ్లు గదవకు తగులుతున్నాయి. అప్పుడు లైట్లు ఆర్పారు.

“కరెంటు పోయింది!”

ఒక్కరు కాదు, నలభై రెండు గొంతులు. వెంటనే వేదిక మీద నీలం లైటు వెలిగింది. “వచ్చింది!” అని చప్పట్లు. హాలంతా నవ్వింది, నేను తల వంచుకున్నాను. ఒక పిల్లవాడు చీకట్లో నేను కనబడక ఇంటర్వెల్ దాకా ఏడ్చాడు. నా పక్కన ఉన్నవాడు ప్రతి రెండు నిమిషాలకూ “గామె ఎవరు టీచర్? గీమె ఎవరు టీచర్?” అని అడుగుతూనే ఉన్నాడు. మరునాడు క్లాసులో, నిన్న ఏం చూశారో చెప్పండి అంటే మొదటి జవాబు, “సమోసా తిన్నం టీచర్.”

తప్పు వాళ్లది కాదు. నోరు మూసుకోవడం నేర్పాను, కథ నేర్పలేదు.

అందుకే ఇవాళ చెప్పదలుచుకున్నది ఒకటే. కథ మొత్తం ముందే చెప్పేయండి. చివరిదాకా చెప్పేయండి. సవతి తల్లి చేతిలో కష్టపడే సిండ్రెల్లా గుమ్మడికాయ బండిలో రాజు ఇంటికి పోయి, పన్నెండు కొట్టగానే పరుగెత్తుతూ గాజు చెప్పు వదిలేస్తుంది కదా, ఆ చెప్పు ఎవరి కాలికి సరిపోతుందో కూడా చెప్పండి. “ముందే చెప్తే మజా పోతది కదా మేడం” అని మీలో కొందరు అనుకుంటున్నారని తెలుసు. సినిమాకైతే సరే. పాటల నాటకానికి కాదు. పాట మొదలైందంటే కథ ఆగిపోతుంది. ఒక అమ్మాయి పొయ్యి దగ్గర కూర్చుని నాలుగు నిమిషాలు పాడుతుంది. కథ తెలియని పిల్లవాడికి ఆ నాలుగు నిమిషాలు ఏమీ జరగనట్టే. తెలిసిన పిల్లవాడు మాత్రం ‘ఇప్పుడు వాళ్లు ఆమెను వదిలేసి రాజు ఇంటికి పోతారు’ అని ఎదురుచూస్తాడు. ఎదురుచూసేవాడు కదలడు. హెడ్మాస్టర్ గారు అడిగిన నిశ్శబ్దం ఆ దారిలోనే వస్తుంది.

మనకు ఇది కొత్తా? ఒగ్గు కథకు కూర్చున్న వాళ్లలో మల్లన్న కథ తెలియని వాళ్లు ఎవరు? బీరప్ప కథ తెలియంది ఎవరికి? తెలిసే రాత్రంతా కూర్చుంటారు. డోలు ఎక్కడ ఉరుముతుందో తెలుసు, ఎక్కడ ఏడిపిస్తారో తెలుసు, ఆ చోటు దగ్గర పడుతుంటే చాప మీద ముందుకు జరుగుతారు. చిందు యక్షగానం చూసే వాళ్లూ అంతే. ఇంకా చెప్పాలంటే బతుకమ్మ ఆడే మన ఆడపిల్లలకు పాటలో కథ వినడం, వరుస వరుసకూ ‘ఉయ్యాలో’ అందుకోవడం పుట్టుకతోనే వచ్చినట్టుంటుంది. వాళ్లకు సంగీత నాటకం ఎలా చూడాలో మనం కొత్తగా నేర్పాల్సింది తక్కువ. హాలు కొత్త, చీకటి కొత్త, సిండ్రెల్లా కొత్త. అంతే.

హాళ్లకు కూడా మన దగ్గర కొదవ లేదు. పబ్లిక్ గార్డెన్‌లో నేరెళ్ల వేణుమాధవ్ కళాప్రాంగణం ఉండనే ఉంది, 2024 నవంబర్‌లో కాళోజీ కళాక్షేత్రం మొదలైంది. హాళ్లున్నాయి, వాటి గడప తొక్కని పిల్లలే మన బడుల్లో ఎక్కువ.

సరే, కథ ఎలా చెప్పాలి? నెట్‌లో వెతికి చెప్పేవాళ్లకు ముందు ఒక హెచ్చరిక. సిండ్రెల్లా కథ ఒకటి కాదు. గుమ్మడికాయ బండి, గాజు చెప్పు ఉన్నది 1697లో ఫ్రాన్సులో షార్ల్ పెరో అచ్చువేసింది. 1812లో జర్మనీలో గ్రిమ్ సోదరులు వేసిన దాంట్లో గుమ్మడికాయ లేదు. తల్లి సమాధి మీద మొలిచిన చెట్టు ఆ అమ్మాయికి బట్టలు ఇస్తుంది. చెప్పు బంగారుది. అక్కలు ఆ చెప్పులో కాలు పట్టించడానికి ఒకామె వేలు, ఒకామె మడమ కోసుకుంటారు. ఇది రెండో తరగతికి చదివి వినిపించి, రాత్రి పిల్ల నిద్రపోలేదని తల్లి మీ దగ్గరికి వస్తే నన్ను అనొద్దు. చైనాలో తొమ్మిదో శతాబ్దంలోనే రాసిపెట్టిన యే షియన్ కథ ఇంకోటి ఉంది. అందులో అమ్మాయికి సాయం చేసేది ఒక చేప. సవతి తల్లి ఆ చేపను చంపి తినేస్తుంది. అయినా దాని ఎముకలు అడిగిందల్లా ఇస్తాయి. చేప మాట వచ్చింది కాబట్టి మన ఏడు చేపల దగ్గరికి కూడా పోదాం, కాసేపట్లో.

మీరు గుమ్మడికాయ కథే చెప్పండి, నాటకంలో వచ్చేది అదే. చెప్పేటప్పుడు పిల్లలు ఎక్కడ ఆగుతారో చూడండి. గుమ్మడికాయ అనగానే మన పిల్లలకు గుర్తొచ్చేది గుమ్మం ముందు దిష్టికి కట్టేది. “దాని మీద ఎక్కి కూసుంటే దిష్టి తాకదా టీచర్?” అని నన్నొకడు అడిగాడు. అడగనీయండి. రాజు ఇంట్లో డాన్స్ అంటే అర్థం కాదు. బరాత్ అనండి, వెంటనే అర్థమవుతుంది. కాకపోతే డీజే లేదు, ఇద్దరిద్దరు చేతులు పట్టుకుని నెమ్మదిగా తిరుగుతారు అని ఇద్దరు పిల్లలతో చేసి చూపించండి. గాజు చెప్పు దగ్గర తప్పకుండా గొడవ అవుతుంది. “పగులది?” “కాలు కోసుకుపోది?” మీరు జవాబు చెప్పొద్దు. రెండు రోజులు వాళ్లనే కొట్లాడుకోనివ్వండి. నాటకంలో ఆ చెప్పు వచ్చినప్పుడు మీ పిల్లల మెడలు ఎలా సాగుతాయో చూద్దురు గాని.

ఒక చోట మాత్రం తొందరపడకండి. సవతి తల్లి దగ్గర.

నేను మూడో తరగతికి ఈ కథ చెప్పినప్పుడు ఆ పాత్రను బాగా రక్తి కట్టించాను. గొంతు మార్చి, కళ్లు ఉరిమి. పిల్లలు పడీ పడీ నవ్వారు. మరునాడు ప్రేయర్ అయ్యాక ఒక పాప నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడింది. చాక్‌పీసు డబ్బా మూత తీస్తూ, పెడుతూ ఉంది. ఏంది బిడ్డా అంటే, “మా చిన్నమ్మ నాకు జడలేస్తది టీచర్. పేన్లు చూస్తది. మొన్న జరమొస్తే ఎత్తుకొని దవాఖానకు తీస్కపోయింది” అంది. మంచిదే కదమ్మా అన్నాను. “ఆమె కూడ సవతి తల్లేనట. ఇంటిపక్కామె చెప్పింది” అంది. అని నా ముఖం చూస్తోంది.

ఏడాదంతా ఆ పాప నా క్లాసులో ఉంది, నాకు ఆ సంగతి తెలియదు. ఒక్క పూటలో ఆ మాట ఇరవై సార్లు అన్నాను.

అప్పటి నుంచి నేను చెప్పేటప్పుడు ఆ పాత్రను ‘దొరసాని’ అంటాను. దొరల గడీల కాలం నుంచి మన దగ్గర ఆ మాటకు బరువుంది, పిల్లలకు వెంటనే తడుతుంది. కానీ నాటకంలో వాళ్లు సవతి తల్లి అనే అంటారు, దాన్ని మనం ఆపలేం. కాబట్టి ముందే చెప్పండి: చెడ్డ రాజు ఉన్న కథలు విన్నాం, మంచి రాజు ఉన్న కథలూ విన్నాం కదా, అలాగే ఈ కథలో ఈ సవతి తల్లి చెడ్డది, అని. ఇంకోటి కూడా చెప్పండి. ఆ వేషం వేసిన ఆమె నాటకం అయిపోయాక రంగు కడుక్కుని ఆటోలో ఇంటికి పోయి అన్నం వండుకుంటుంది. ఊళ్లో చిందు వాళ్లు ముఖానికి రంగు పూసుకుంటుంటే చుట్టూ మూగి చూసిన పిల్లలకు ఇది చెప్పనక్కర్లేదు. ఇప్పుడు అలా చూసిన పిల్లలు తక్కువైపోయారు.

ఇక పాట. “మాట్లాడకుండ ఎందుకు పాడుతున్నరు?” అని తప్పకుండా అడుగుతారు. దీనికి నా దగ్గరున్న మందు ఏడు చేపల కథ. రాజు కొడుకులు ఏడుగురు, తెచ్చిన చేపలు ఏడు, ఎండనిది ఒకటి. క్లాసును గుంపులు చేయండి. ఒక గుంపు చేప, ఒక గుంపు గడ్డిమేటు, ఒకటి ఆవు, ఒకటి పాలేరు, అవ్వ, పిల్లవాడు, చీమ. “చేపా చేపా ఎందుకు ఎండలేదు?” అని మీరు మామూలుగా అడగండి. గుంపు జవాబు మాత్రం పాడాలి. ఏ వరుసైనా సరే, బతుకమ్మ వరుసలో పాడినా సరే. మొదట సిగ్గుపడతారు. ఆవు దగ్గరికి వచ్చేసరికి గొంతులు లేస్తాయి. చీమ వంతు వచ్చినప్పుడు, “నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?” అని పైకప్పు ఎగిరిపోయేట్టు పాడతారు. చీమకు కోపం వచ్చింది కాబట్టి పాట పెద్దదైందని వాళ్లకే అర్థమవుతుంది. మాట సరిపోనంత కోపం, మాట సరిపోనంత దుఃఖం వస్తే పాడతారు. మన నాటకాల్లో పద్యం అందుకునేదీ అందుకే. 1885లో మొదలైన సురభి వాళ్ల నాటకాలు చూసిన పెద్దవాళ్లను అడగండి, మంచి పద్యానికి ‘వన్స్ మోర్’ అంటే కథ అక్కడే ఆపి మళ్లీ పాడేవారు.

నాటకం వాళ్లను అడిగి ఒక్క పాట ముందే తెప్పించుకోండి. ఫోన్‌లో పంపిస్తారు. దాన్ని వారం రోజులు అన్నం తినేటప్పుడు వినిపించండి, చాలు.

టైముంటే ఇంకో పని. చేర్యాల పటం తెలుసు కదా, ఎర్రటి నేల మీద వరుసగా బొమ్మలు, పటం విప్పుతూ కథ చెప్తారు. పద్మశాలీలకు కూనపులి వాళ్లు మార్కండేయ పురాణం చెప్పేది అలాంటి పటం మీదే. కొత్తవాడ వైపు బడుల నుంచి వచ్చిన టీచర్లు తాతలను పిలిపిస్తే చూసిన వాళ్లు దొరుకుతారు. ఆరు చార్టులు ఒకదాని కింద ఒకటి అంటించి, రెండు కొసలకు రెండు కర్రలు కట్టండి. పొయ్యి, గుమ్మడికాయ, రాజు ఇల్లు, పన్నెండు గంటలు, చెప్పు, పెండ్లి. పిల్లలే గీసి, పిల్లలే విప్పుతూ చెప్పాలి. బొమ్మలు బాగా రావాలని మీరు చేయి పెట్టొద్దు. దయచేసి.

చప్పుడు సంగతి. స్పీకర్ల మోతకు బెదిరిపోయే పిల్లలు ప్రతి క్లాసులో ఒకరిద్దరుంటారు, మీకు వాళ్లు తెలుసు. వాళ్లను దారి పక్క కుర్చీలో, మీ చేయి అందేంత దూరంలో కూర్చోబెట్టండి. మిగిలిన వాళ్లకు కళ్లు మూసి చప్పుళ్లు గుర్తుపట్టే ఆట పెట్టండి. గొంతుతోనే అన్ని చప్పుళ్లూ చేసిన మిమిక్రీ కళాకారుడు నేరెళ్ల వేణుమాధవ్ గారు పుట్టిన ఊరు మనది, ఈ ఆట ఆడించే హక్కు మనకు అందరికంటే ముందుంది.

మాట్లాడొచ్చా లేదా అంటే, పిల్లలకు నేను చెప్పేది ఇది. సినిమాలో హీరోకు మీ ఈల వినిపించదు. ఇక్కడ వినిపిస్తుంది. స్టేజి మీదున్న ఆమె ఏడుస్తూ పాడుతుంటే మీరు మాట్లాడితే ఆమెకు వినబడుతుంది. మీరు నవ్వినా వినబడుతుంది, అది విని ఇంకా బాగా చేస్తుంది. ఈ ఒక్క ముక్క చెప్తే ఆరేళ్ల పిల్లవాడు కూడా ఎక్కడ నవ్వాలో, ఎక్కడ ఆగాలో తేల్చుకుంటాడు. పాట అయ్యాక చప్పట్లు, ఎన్నైనా.

బస్సు గురించి రెండు ముక్కలు. ములుగు, నర్సంపేట వైపు నుంచి వచ్చే వాళ్లు కవర్లు పెట్టుకోండి, కక్కుకునే వాళ్లను ముందు సీట్లలో కూర్చోబెట్టండి. హాల్లోకి పోకముందే అందరినీ బాత్రూంకు పంపండి. రాదన్నా పంపండి. లైట్లు ఆరిన ఐదు నిమిషాలకు వస్తుంది.

తిరిగి వచ్చాక “ఈ కథలో నీతి ఏమిటి?” అని మాత్రం అడగొద్దు. ఆ ప్రశ్నతో పిల్లలు మళ్లీ నోటి మీద వేలు పెట్టుకుంటారు. ఏ పాట గుర్తుంది, పాడు అనండి. గాజు చెప్పు పగిలిందా అని అడగండి.

ఇక మిగిలింది చీకటి. పిల్లలకు క్లాసులోనే ఒకసారి చూపించాలి. కిటికీలు మూసి, లైటు ఆర్పి, పదిదాకా లెక్కపెట్టి, మీ గొంతు వినిపిస్తూ ఉండాలి. చేయించే ముందు మీరూ ఒకసారి చూస్తే మంచిది. అందుకే కిటికీలు ముందే వేయించాను. ఫోన్లు జేబుల్లో పెట్టండి. వెనక వరుస సార్లు, మీరు కూడా. అటెండర్ అన్న స్విచ్ దగ్గరే ఉన్నాడు. పది అనగానే చీమ పాట మీరే అందుకోవాలి, నేను పాడను.

అన్నా, ఇగ బంద్ చెయ్యి.