గుండీలు లేని చొక్కా

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలను పేరుపేరునా తలచుకోవడం మర్యాదే. కానీ నాకిచ్చిన పది నిమిషాల్లో రెండు దండలకే పోయాయి. అందరికీ కలిపి ఒకే నమస్కారం.

డబ్బుకు బదులు వస్తువులు, సమయం ఇవ్వడం గురించి మాట్లాడమన్నారు. డిసెంబరు 5ను స్వచ్ఛంద సేవకుల దినోత్సవంగా జరపాలని ఐక్యరాజ్యసమితి 1985లో తీర్మానించింది. అక్కడి నుంచి మొదలుపెడదామని రాసుకొచ్చాను. ఆ కాగితం జేబులోనే ఉండనివ్వండి. ముందు ఒక చొక్కా సంగతి చెప్పాలి.

విరాళంగా వచ్చిన బట్టలు వేరుచేసే గదిలో పదకొండేళ్లుగా కూర్చుంటున్నాను. ఒకరోజు మూటలో నీలిరంగు చొక్కా కనిపించింది. ఉతికి, ఇస్త్రీ చేసి ఉంది. సంబరంగా విప్పి చూస్తే కాజాలు ఏడు, గుండీ ఒక్కటీ లేదు. ఊడిపోలేదండీ, కత్తిరించారు. దారపు మొనలు ఇంకా నిలబడే ఉన్నాయి. ఎవరో కత్తెర పట్టుకుని తీరిగ్గా కూర్చుని, గుండీలు దాచుకుని, మిగిలినది దానం చేశారు! ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. మీకూ కనిపిస్తూనే ఉంటుంది.

2004 సునామీ తర్వాత పాతబట్టలు రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉండటం మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. దానంగా పంపే మందులకు, చేరేనాటికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతాయి. అలా రాయవలసి వచ్చిందంటే ఎలాంటివి పంపారో ఊహించుకోండి. బట్టల మూటకు అలాంటి నియమమూ లేదు.

సమయం గురించి చెప్పనేలేదు కదూ? మూట వచ్చిందంటే విప్పేవారు, కొలతలు చూసేవారు, మోసేవారు కావాలి. పనికిరానివాటిని తీసుకెళ్లే బండికి కిరాయీ మేమే కట్టాలి. అంటే, డబ్బు ఖర్చు లేని దానమన్నది ఇచ్చేవారి లెక్కే. ఒకసారి నలభైమంది ఉత్సాహంగా వచ్చి, ఒక్క పూటలో గదంతా సర్దారు, ఫొటో దిగి వెళ్లారు. పిల్లల బట్టల్లో పెద్దలవి కలిశాయి. మళ్లీ వేరుచేయడానికి మాకు రెండు రోజులు పట్టింది. వారిని తప్పుపట్టను. మరుసటి వారం ఒక్కరైనా వచ్చి ఉంటే పని నేర్పేవాళ్లం.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ముగిస్తాను. ఆ చొక్కా ఇంకా నా దగ్గరే ఉంది, ఏడు గుండీలు కూడా సంపాదించాను. సూదిలో దారం ఎక్కించడానికే నాకు కళ్లు ఆనడం లేదు. గురువారం పది గంటలకు గది తీస్తాం. ముందు వరుసలో కూర్చున్న అమ్మాయీ, నువ్వు వస్తావా?