విటమిన్ ఈ పడని చర్మం

అందరికీ నమస్కారం.

"విటమినే కదా, రాసుకుంటే ఏమవుతుంది?" చర్మవైద్యులు తరచూ వినే మాట ఇది. ముఖం ఎర్రబడి దురద పెడుతుంటే సబ్బును అనుమానిస్తాం, ఎండను అనుమానిస్తాం, తిన్న తిండిని అనుమానిస్తాం. రోజూ రాత్రి రాసుకునే విటమిన్ ఈ నూనె మాత్రం మన అనుమానానికి అందదు. పైగా మంట చల్లారాలని అదే ఇంకాస్త రాస్తాం. నన్ను బాధపెట్టేది ఇదే.

విటమిన్ ఈ వల్ల చర్మానికి వచ్చే ఈ అలర్జీ అరుదే. చర్మానికి ఏదో పడక, అదేంటో తేల్చే ప్యాచ్ టెస్ట్ చేయించుకున్నవాళ్ళలో కూడా ఇది బయటపడేది సుమారు నూటికి ఒకరిలో. అయితే అసలు కారణం తెలియకపోతే ఆ ఒక్కరికి నెలల తరబడి దురద తప్పదు.

1992లో స్విట్జర్లాండ్‌లో ఒకే రకం కాస్మెటిక్స్ వాడిన దాదాపు వెయ్యి మందికి ఒంటి మీద, వెంట్రుకల కుదుళ్ళ దగ్గర చిన్న చిన్న పొక్కులు లేచాయి. ఆరా తీస్తే అందులో కలిపిన టోకోఫెరిల్ లినోలియేట్ దగ్గర తేలింది. అది విటమిన్ ఈకి ఒక రూపం.

మచ్చలు పోతాయని క్యాప్సూల్ చిదిమి రాసుకునేవాళ్ళు ఇంకోటి కూడా వినాలి. 1999లో మయామీ విశ్వవిద్యాలయ వైద్యులు, చర్మ క్యాన్సర్ ఆపరేషన్ చేయించుకున్న 15 మందికి కుట్ల మచ్చ మీద సగానికి మామూలు ఆయింట్‌మెంట్, మిగతా సగానికి విటమిన్ ఈ కలిపిన ఆయింట్‌మెంట్ ఇచ్చి చూశారు. చాలామందిలో విటమిన్ ఈ వల్ల మచ్చ ఏమీ మెరుగుపడలేదు, కొందరిలో ఇంకా వికారంగా తయారైంది. మూడో వంతు మందికి కాంటాక్ట్ డెర్మటైటిస్, అంటే రాసింది పడక చర్మం ఎర్రబడి దురద పెట్టడం, వచ్చింది. చిన్న అధ్యయనమే, నిజమే. కానీ మానుతున్న గాయం మీద ప్రయోగం వద్దనడానికి నాకు అది చాలు.

ఈ అలర్జీ వెంటనే పట్టుబడదు. మన రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాలు ఆ పదార్థాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకోవడానికి రోజులు, ఒక్కోసారి ఏళ్ళు పడుతుంది. ఒకసారి గుర్తుపెట్టుకున్నాక మళ్ళీ రాస్తే, ఒకటి నుంచి మూడు రోజుల్లో దురద, ఎరుపు, వాపు మొదలవుతాయి. అందుకే "రెండేళ్ళుగా ఇదే వాడుతున్నాను, ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడెందుకు?" అన్న వాదన నిలవదు. రాసిన నిమిషాల్లోనే చురుక్కుమంటే అది చాలావరకు అలర్జీ కాదు, చర్మం మీద ఆ పదార్థం చూపే ఘాటు. కనురెప్పల చర్మం బాగా పలచన కాబట్టి ముందు అక్కడే బయటపడొచ్చు.

తేల్చేది ప్యాచ్ టెస్ట్. అనుమానమున్న పదార్థాలను చిన్న పట్టీల్లో పెట్టి వీపు పైభాగాన అంటిస్తారు. రెండు రోజులు వీపు తడపకూడదు, చెమట పట్టే పనులు చేయకూడదు. పట్టీలు తీసినప్పుడు ఒకసారి, తర్వాత ఒకటి రెండు రోజులకు ఇంకోసారి చూస్తారు. రెండోసారి చూపించుకోకుండా ఎగ్గొట్టకండి. చాలాసార్లు అసలు సంగతి అప్పుడే కనబడుతుంది.

అలర్జీ అని తేలాక లేబుల్ చదవడమే పెద్ద పని. డబ్బా ముందువైపు "విటమిన్ ఈ" అని లేకపోయినా, వెనక సన్నటి అక్షరాల్లో టోకోఫెరాల్, టోకోఫెరిల్ ఎసిటేట్ అని ఉండొచ్చు. నూనెలు చెడిపోకుండా కూడా టోకోఫెరాల్ కలుపుతారు. అందుకే లిప్‌బామ్‌లో, సన్‌స్క్రీన్‌లో, చివరికి అలర్జీ రాదని రాసిన క్రీముల్లో కూడా కనిపిస్తుంది. "సహజం" అన్న మాట చూసి ధైర్యపడకండి.

తిండిలోని విటమిన్ ఈ మానేయాలా అని చాలామందికి టెన్షన్. చర్మానికి పడనివాళ్ళలో ఎక్కువమందికి తింటే ఏమీ కాదు. డాక్టరు ప్రత్యేకంగా చెబితే తప్ప మానక్కర్లేదు.

దురద మొదలైతే రాస్తున్నవన్నీ ఆపండి. ఇంట్లో ఉన్న స్టెరాయిడ్ క్రీమ్ ముఖానికి పూసేయకండి. డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు షాంపూతో సహా వాడేవన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి. ఖాళీ అయిన డబ్బాలు కూడా, లేబుల్ ఉంటే చాలు.