మల్టీమీటర్ సున్నా చూపిస్తే సరిపోదు: విమానాల్లో ఎలక్ట్రానిక్స్ భద్రతపై చర్చ

యాంకర్: నమస్కారం. విమానం ఎక్కగానే చెవిన పడే మాట ఒకటుంది: 'మీ ఫోన్లు ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి.' ఎందుకు పెట్టాలని అడిగితే మనలో చాలామంది 'సిగ్నల్‌కి అడ్డొస్తుందట' అనేసి ఊరుకుంటాం. దేనికి ఏది అడ్డొస్తుంది, అలా రాకుండా ఎవరు చూస్తారు? ఈరోజు అదే మాట్లాడుకుందాం. మనతో ముగ్గురున్నారు. విమాన పరికరాలను ల్యాబ్‌లో పరీక్షించే ఇంజనీర్ మేడమ్ ఒకరు. హ్యాంగర్‌లో 30 ఏళ్లు పనిచేసి రిటైరైన మెయింటెనెన్స్ ఇంజనీర్ గారు ఒకరు. మూడోవారు ఎయిర్‌లైన్ కెప్టెన్ గారు. కెప్టెన్ గారూ, మీతోనే మొదలుపెడతాను. ఫోన్ వల్ల నిజంగా ఇబ్బంది ఉందా?

కెప్టెన్: ఉందండీ, అయితే జనం ఊహించుకునే రకం కాదు. ఎవరో ఒకరు ఫోన్ ఆపలేదని విమానం కూలిపోదు. పాత 2జీ ఫోన్ల రోజుల్లో మా హెడ్‌సెట్‌లో 'టిట్ టిటిట్ టిట్ టిటిట్' అని చప్పుడొచ్చేది. ఇంట్లో రేడియో పక్కన ఫోన్ పెడితే కాల్ వచ్చే ముందు వినిపించేది చూడండి, అదే. ఇంట్లో అయితే నవ్వుకుని ఊరుకుంటాం. వానలో కిందికి దిగుతున్నాం, కంట్రోలర్ ఎత్తు చెబుతున్నాడు, ఒక్క అంకె ఆ చప్పుడులో కలిసిపోయింది. మళ్లీ అడగాలి. అదే ఫ్రీక్వెన్సీలో ఇంకో నాలుగు విమానాలు మాట్లాడుతుంటాయి. నాకు టెన్షన్ అక్కడ.

ల్యాబ్ ఇంజనీర్: దానికి కారణం కూడా చెప్పాలి. టవర్ దూరమయ్యేకొద్దీ ఫోన్ గట్టిగా అరుస్తుంది. పాత 900 మెగాహెర్ట్జ్ ఫోన్ అయితే 2 వాట్ల దాకా వెళ్లేది. ఇప్పటి 4జీ ఫోన్ మామూలుగా 0.2 వాట్ల దగ్గర ఆగుతుంది. పైగా విమానంలో ఒక్క ఫోనే ఉండదు కదా, 180 ఉంటాయి. అవతల విమానం యాంటెన్నాలు వినేదేమో ఎక్కడో 20 వేల కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహం నుంచి వచ్చే జీపీఎస్ సంకేతం. అది చేరేసరికి గుసగుస కూడా కాదు, అంతకన్నా సన్నం.

యాంకర్: మరి 2014లో మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏనే విమానంలో ఫోన్లు, ట్యాబ్‌లు ఫ్లైట్ మోడ్‌లో వాడుకోవచ్చంది. అంతకు ముందు 2013 అక్టోబర్‌లో అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ కూడా అలాగే చెప్పింది. మరి అంతకుముందు భయం ఉత్తిదేనా?

ల్యాబ్ ఇంజనీర్: కాదండీ. భయం ఉంది కాబట్టే విమానాల్ని అందుకు తగ్గట్టు కట్టారు, పరీక్షించారు, ఆ తర్వాతే వదులు ఇచ్చారు. ఈ పనికి మూలం డీవో-160 అనే ప్రమాణం. అమెరికాలో ఆర్‌టీసీఏ అనే సంస్థ 1975లో తెచ్చింది. యూరప్‌లో అదే ఈడీ-14. ఇప్పుడు అందరూ వాడుతున్నది 2010లో వచ్చిన 'జీ' వెర్షన్. విమానంలో బిగించే ఏ పెట్టెకైనా రెండు ప్రశ్నలు. నువ్వు ఎంత గోల చేస్తావు? పక్కవాళ్లు గోల చేస్తే ఎంత తట్టుకుంటావు? ఇరుగుపొరుగు అన్నాక రెండూ చూడాలి కదా.

యాంకర్: ఆ పరీక్ష ఎలా ఉంటుందో కొంచెం కళ్లకు కట్టినట్టు చెప్పండి.

ల్యాబ్ ఇంజనీర్: గది గోడలు, కప్పు అంతా కోసుగా ఉండే నల్లటి ఫోమ్. రేడియో తరంగం గోడకు తగిలితే వెనక్కి రాకుండా మింగేస్తుంది. మధ్యలో బల్ల, దాని మీద రాగి రేకు. ఆ రేకే మాకు విమానం ఒళ్లు అనుకోండి. పెట్టెను దాని మీద పెట్టి, కేబుల్‌ని సరిగ్గా 5 సెంటీమీటర్ల ఎత్తులో పరుస్తాం. మీటర్ దూరంలో యాంటెన్నా. తలుపు మూసి, పెట్టె ఎంత గోల చేస్తోందో చూపే గీతను బయట తెర మీద చూస్తూ కూర్చుంటాం. ఇది కాక ఇంకా చాలా ఉన్నాయి. 15 వేల వోల్టుల స్టాటిక్ తుపాకీతో పెట్టె మీద కొడతాం. పక్కన దిక్సూచి పెట్టి, ముల్లు 1 డిగ్రీ కదిలే దూరం ఎంతో కొలుస్తాం. పిడుగు పడితే తీగల్లోకి వచ్చే కరెంటును కూడా కావాలని ఎక్కిస్తాం.

ఒక్క అనుభవం చెబుతాను, కంపెనీ పేరు వద్దు. ఒక చిన్న కంట్రోల్ బాక్స్ వచ్చింది. అన్నీ బాగున్నాయి, 127 మెగాహెర్ట్జ్ దగ్గర మాత్రం గీత హద్దు దాటి పైకి లేచింది. పైలట్లు మాట్లాడేది 118 నుంచి 137 మధ్యలోనే. అంటే సరిగ్గా కెప్టెన్ గారి చెవిలోకే వెళుతోంది. మూడు రోజులు వెతికాం. ఫిల్టర్ మార్చాం, పెట్టె మూతకు రబ్బరు పట్టీ మార్చాం. గీత కదల్లేదు. చివరికి చూస్తే కేబుల్ చుట్టూ ఉండే లోహపు అల్లిక, మేము షీల్డ్ అంటాం, దాన్ని కనెక్టర్ దగ్గర పోగులుగా మెలిపెట్టి, తోకలా 5 సెంటీమీటర్ల తీగ తీసి స్క్రూకి కట్టారు.

యాంకర్: కట్టారుగా మేడమ్, తప్పేముంది?

ల్యాబ్ ఇంజనీర్: మల్టీమీటర్ పెట్టి చూస్తే తప్పేమీ లేదు. సున్నా చూపిస్తుంది, అంటే కరెంటుకు అడ్డే లేదని. కానీ ఆ 5 సెంటీమీటర్ల తీగ 130 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు 40 ఓమ్‌ల అడ్డుగోడ అయిపోతుంది. గోల విమానం ఒంట్లోకి దిగాల్సింది పోయి షీల్డ్ మీదే నిలబడి, కేబులే యాంటెన్నా అయిపోయింది. తోక కోసేసి, షీల్డ్‌ని కనెక్టర్ చుట్టూ పూర్తిగా బిగుసుకునేలా క్లాంప్ చేశాం. గీత అక్కడికక్కడే పడిపోయింది.

మెయింటెనెన్స్ ఇంజనీర్: ఈ మాట వినాలనే వచ్చానమ్మా. ఎందుకంటే మీరు ల్యాబ్‌లో కోసేసిన ఆ తోకను పదేళ్ల తర్వాత హ్యాంగర్‌లో ఎవరో ఒకరు మళ్లీ పెడతారు. కేబుల్ తెగుతుంది, రాత్రి రెండింటికి రిపేర్, పొద్దున ఆరింటికి ఫ్లైట్. ఆ కుర్రాడు తప్పుగా చేయాలని చేయడు. మీటర్ పెడతాడు, సున్నా చూస్తాడు, తృప్తిగా సంతకం పెడతాడు. అందుకే మాన్యువల్‌లో షీల్డ్ ఎలా ముగించాలో బొమ్మతో సహా ఉంటుంది. ఆ బొమ్మ దగ్గర ఆగి చూసేవాడే నా దృష్టిలో మంచి టెక్నీషియన్.

యాంకర్: మీరు చేతిలో ఏదో పట్టుకొచ్చారు సార్.

మెయింటెనెన్స్ ఇంజనీర్: బాండింగ్ స్ట్రాప్ అంటాం. చూడండి, జడలా అల్లిన రాగి పట్టీ, తగరం పూత, రెండు చివర్లా బోల్టుకి రంధ్రాలు. రెక్కకు ఫ్లాప్‌కు మధ్య, తలుపుకు బాడీకి మధ్య, పెట్టెకు ర్యాక్‌కు మధ్య ఉంటాయి. విమానంలో ప్రతి లోహపు ముక్కా ఒకదానితో ఒకటి చేతులు పట్టుకుని ఉండాలి. ఒక చెయ్యి వదిలేస్తే అక్కడ స్టాటిక్ పేరుకుంటుంది, రేడియోలో గరగర మొదలవుతుంది, పిడుగు పడితే అక్కడే మెరుపు దూకుతుంది. ఈ స్ట్రాప్ బిగించేముందు కింద పెయింట్ గీకి, మెరిసే లోహం కనిపించేదాకా శుభ్రం చేయాలి. బిగించాక మిల్లీఓమ్ మీటర్‌తో కొలవాలి. చాలాచోట్ల 2.5 మిల్లీఓమ్‌ల లోపు రావాలి. మామూలు మల్టీమీటర్‌కి ఆ తేడా కనపడనే కనపడదు.

కెప్టెన్: ఒక్క మాట సార్, ఇప్పటి బోయింగ్ 787 లాంటి విమానాల్లో బరువులో సగం దాకా కాంపోజిట్, అంటే కార్బన్ పోగులు, జిగురు కలిపి చేసిన పదార్థం. అల్యూమినియం లాగా అది కరెంటును సాఫీగా పోనివ్వదు. అక్కడ మీ స్ట్రాప్ ఏం చేస్తుంది?

మెయింటెనెన్స్ ఇంజనీర్: పని ఇంకా పెరిగింది. పై పొరలోనే సన్నటి లోహపు వల వేస్తారు. దెబ్బ తగిలి ప్యాచ్ వేసేటప్పుడు ఆ వలను కూడా పక్క వలతో కలపాలి. పైకి పెయింట్ వేశాక ఎవరికీ తెలియదు. అదే నా దిగులు.

యాంకర్: ప్రమాణం పాసైన పరికరమే తర్వాత గొడవ చేసిన సందర్భాలు ఉన్నాయా?

ల్యాబ్ ఇంజనీర్: అందరికీ తెలిసింది 2014 నాటిది. బోయింగ్ 737, 777 కాక్‌పిట్లలోని ఒక రకం హనీవెల్ డిస్‌ప్లేలు, విమానంలో వైఫై పెట్టడానికి పరీక్షలు చేస్తుంటే ఏమీ కనపడకుండా ఖాళీ అయిపోయాయి. ఎఫ్ఏఏ వాటిని మార్చమని ఆదేశం ఇచ్చింది. అమెరికాలోనే 1,326 విమానాలు, అయిదేళ్ల గడువు. ఆ తెరలు తయారైనప్పుడు సరైన పరీక్షలే దాటాయి. క్యాబిన్ నిండా వైఫై వస్తుందని అప్పుడు ఎవరూ అనుకోలేదు. చుట్టూ లోకం మారిపోయింది.

కెప్టెన్: నేను ఇంకోటి చెప్పాలి, ఎందుకంటే మా ట్రైనింగ్‌లో నా మనసులో నాటుకుపోయింది ఇది. 1998 సెప్టెంబర్ 2, స్విస్ ఎయిర్ 111, న్యూయార్క్ నుంచి జెనీవా. కాక్‌పిట్ పైకప్పులో నిప్పు పుట్టి కెనడా దగ్గర సముద్రంలో పడిపోయింది. 229 మంది పోయారు. ప్రయాణికులకు సినిమాలు, ఆటలు చూపించే సిస్టమ్‌ను ఆ విమానం తయారైన తర్వాత విడిగా అమర్చారు. దాని తీగల్లో ఒకదాని మీద స్పార్క్ వచ్చిన గుర్తు దొరికింది. మొదటి నిప్పు దాని ఒక్కదాని నుంచే వచ్చిందని మాత్రం దర్యాప్తు తేల్చలేదు. నన్ను కలవరపెట్టేది ఇంకో సంగతి. పొగ వస్తే క్యాబిన్ కరెంటు మొత్తం ఆపే స్విచ్ ఒకటి ఉంది. ఈ కొత్త సిస్టమ్‌ని మాత్రం ఆ స్విచ్ ఆపని చోట కలిపారు. పైలట్ 'అంతా ఆపేశాను' అనుకుంటాడు. అది ఇంకా నడుస్తూనే ఉంటుంది.

మెయింటెనెన్స్ ఇంజనీర్: పైకప్పులో ఉన్న ఇన్సులేషన్ దుప్పట్లు కూడా అప్పటి మంట పరీక్ష పాసైనవే. నిప్పు అంటుకుని పాకింది. తర్వాత ఆ పరీక్షనే మార్చాల్సి వచ్చింది. పెట్టె మంచిదే కావచ్చు, అమర్చినవాడు ఎక్కడ కలిపాడన్నది ఎవరు చూశారు? ఆ ప్రశ్న అడగకుండా సర్టిఫికెట్ చూసి సరిపెట్టుకోవడం నాకు అసలు నచ్చదు.

యాంకర్: మన తెలుగువాళ్లకు బాగా గుర్తున్నది 2022 జనవరి. అమెరికా వెళ్లాల్సినవాళ్లు 5జీ వల్ల ఎయిర్‌పోర్టుల్లో చిక్కుకుపోయారు.

కెప్టెన్: అవును. జనవరి 19న ఎయిర్ ఇండియా అమెరికా సర్వీసులు కొన్ని రద్దు చేసింది. అక్కడ గొడవంతా రేడియో ఆల్టిమీటర్ గురించి. విమానం కింద నుంచి నేల మీదికి తరంగం పంపి, తిరిగొచ్చిన దాన్ని బట్టి ఎన్ని అడుగుల ఎత్తులో ఉన్నామో చెబుతుంది. పొగమంచులో ఆటోపైలట్‌తో దిగేటప్పుడు మాకు కళ్లు అదే. అది తప్పు చెబితే ఏమవుతుందో 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో చూశాం. టర్కిష్ ఎయిర్‌లైన్స్ 1951. దాదాపు 2,000 అడుగుల ఎత్తులో ఉంటే ఎడమ ఆల్టిమీటర్ మైనస్ 8 అడుగులు అంది. ఇంజిన్ల శక్తిని తనంతట తానే సర్దే ఆటోథ్రాటిల్ 'నేల వచ్చేసింది' అనుకుని ఇంజిన్లు తగ్గించేసింది. వేగం పడిపోతుంటే సిబ్బంది సమయానికి పట్టుకోలేకపోయారు. 9 మంది పోయారు. అందులో 5జీ ఏమీ లేదు, కానీ ఈ పరికరం మాట విమానం ఎంతగా నమ్ముతుందో అర్థమవుతుంది.

ల్యాబ్ ఇంజనీర్: ఆల్టిమీటర్‌కు కేటాయించింది 4.2 నుంచి 4.4 గిగాహెర్ట్జ్. అమెరికాలో కొత్త 5జీ 3.98 దాకా వచ్చింది. మధ్యలో 220 మెగాహెర్ట్జ్ ఖాళీ. కాగితం మీద ఎవరి వీధి వాళ్లదే. కానీ పాత ఆల్టిమీటర్లు పక్కవీధి చప్పుడు కూడా వింటాయి, ఫిల్టర్లు అంత గట్టివి కావు. ఆ రోజుల్లో పక్కవీధి ఖాళీగా ఉండేది కాబట్టి అవసరం పడలేదు. చివరికి విమానాల్లో ఫిల్టర్లు, కొత్త ఆల్టిమీటర్లు పెట్టుకోవాల్సి వచ్చింది. 777కు అనుమతి మర్నాడే వచ్చింది కానీ, అన్ని విమానాలనూ సర్దుకోవడానికి 2023 దాకా పట్టింది.

యాంకర్: మన దగ్గర?

ల్యాబ్ ఇంజనీర్: మన 5జీ ఆ వైపున 3.67 దగ్గరే ఆగుతుంది. దూరం రెట్టింపు పైనే. అయినా 2022 నవంబర్‌లో టెలికాం శాఖ రన్‌వే రెండు చివర్ల నుంచి 2.1 కిలోమీటర్లు, మధ్యగీత నుంచి 910 మీటర్ల లోపల ఆ బ్యాండ్ టవర్లు పెట్టొద్దంది. ఎయిర్‌పోర్టు పక్క కాలనీల వాళ్లు 5జీ రావట్లేదని విసుక్కుంటే ఒక కారణం ఇది కావచ్చు. ఇంకో సంగతి, ఈ రేడియో ఆల్టిమీటర్లు మనకు దూరం వస్తువులు కావు. మన హైదరాబాద్ బాలానగర్‌లో ప్రభుత్వ విమాన కంపెనీ హెచ్ఏఎల్‌లో తయారు చేస్తారు.

మెయింటెనెన్స్ ఇంజనీర్: నాకు దీని మీద బాధ ఉందండీ. ఇద్దరు ఇంజనీర్లు ముందే ఒక బల్ల దగ్గర కూర్చుంటే సరిపోయేది. టెలికాం వాళ్లు వాళ్ల ప్రమాణం చూసుకున్నారు, విమానం వాళ్లు మా ప్రమాణం చూసుకున్నాం. 5జీతో ఆల్టిమీటర్లకు ఇబ్బంది రావచ్చని 2020లోనే ఆర్‌టీసీఏ నివేదిక ఇచ్చింది. తీరా టవర్లు వెలిగే వారంలో ముసలివాళ్లు ఎయిర్‌పోర్టులో కుర్చీల్లో పడుకున్నారు.

యాంకర్: ఒక ప్రేక్షకురాలి ప్రశ్న, గుంటూరు నుంచి. 'మా అమ్మ మొదటిసారి ఒంటరిగా డల్లాస్ వెళుతోంది. ఫోన్ ఫ్లైట్ మోడ్ మర్చిపోతుందేమోనని భయపడుతోంది. ఏం చెప్పమంటారు?'

కెప్టెన్: అమ్మా, ముందు భయపడొద్దని చెప్పండి. ఇంటి దగ్గరే విమానం గుర్తు నొక్కడం పది సార్లు చేయించండి. మర్చిపోతే పక్కసీటు అమ్మాయిని అడగమనండి, ఎవరైనా చేసిపెడతారు. మీరు నిజంగా గుర్తుంచుకోవాల్సింది బ్యాటరీ సంగతి. పవర్ బ్యాంక్ చెక్-ఇన్ పెట్టెలో వేయొద్దు, చేతి సంచిలో పెట్టాలి. నిప్పు వస్తే క్యాబిన్‌లో అయితే మా వాళ్లు నీళ్లు పోసి చల్లార్చగలరు, కింద కార్గోలో అయితే చెయ్యి చేరదు. ఇంకోటి, నిద్రలో ఫోన్ జారి సీటు సందులో పడితే వంగి వెతకొద్దు, సీటు వెనక్కీ ముందుకీ కదపొద్దు. సీటు యంత్రంలో ఫోన్ నలిగితే బ్యాటరీ అంటుకుంటుంది. బెల్ నొక్కి, కదలకుండా కూర్చోమనండి. మా వాళ్లే వచ్చి తీసిస్తారు.