రెండు పార్టీలు, ఒకే ఫైలు

అందరికీ నమస్కారం.

మా అమ్మాయి వాళ్లింటికి వచ్చినప్పుడల్లా మీలో ఎవరో ఒకరు "బాబాయిగారూ, మీకిక్కడ కాలక్షేపం ఎలా?" అని అడుగుతుంటారు. ఈసారి మంచి కాలక్షేపమే దొరికింది. ఈ డెట్రాయిట్‌లోనే, వేన్ స్టేట్ యూనివర్సిటీ లా కాలేజీలో కార్ల్ లెవిన్ పేరుతో ఒక కేంద్రం ఉంది. ప్రభుత్వాన్ని లెక్క అడగడం ఎలాగో చట్టసభల సభ్యులకీ, వాళ్ల సిబ్బందికీ అక్కడ నేర్పుతారు. అదీ రెండు పార్టీల వాళ్లనూ కలిపి కూర్చోబెట్టి. నాలాంటి రిటైరైన ఆడిట్ మనిషికి ఇంతకన్నా ఏం కావాలి?

ముందు నా కథ కొంచెం చెబుతాను. నేను ముప్ఫై రెండేళ్లు ఆడిట్‌లో పనిచేశాను. లెక్కల్లో దొరికిన తప్పుల మీద మేం రాసిన ఆడిట్ పేరాలు చివరికి ప్రభుత్వ ఖర్చులు చూసే చట్టసభ కమిటీ, ప్రజాపద్దుల కమిటీ (పీఏసీ) ముందుకు వెళ్తాయి. నా కుర్రతనంలో అలాంటి ఒక కమిటీ గదిలో, ఎక్కడో చెప్పను, మా పై అధికారి వెనక ఫైళ్లు పట్టుకుని కూర్చున్నాను. ఒక సభ్యుడు బాగానే అడిగాడు: "ఈ పైపులు కొన్నారు సరే, వేశారా?" శాఖాధికారి లేచి, "వివరాలు తెప్పించి సమర్పిస్తాం సార్" అన్నాడు. "సరే, తర్వాతి పేరా" అన్నారు అధ్యక్షులు. అంతే. ఆ పైపులు గోదాములోనే ఉన్నాయని, తుప్పు పట్టాయని నా ఒళ్లోని ఫైల్లో ఉంది. రెండో ప్రశ్న ఎవరూ అడగలేదు. ఫైలు చదివినవాడే రెండో ప్రశ్న అడగగలడు. మొదటిది ఎవరైనా అడుగుతారు.

ఈ లెక్క అడగడాన్ని ఇంగ్లీషులో ఓవర్‌సైట్ అంటారు, మనం పర్యవేక్షణ అంటాం. ఆ మాట వింటే నాకు పెళ్లి పందిట్లో చేతులు వెనక్కి కట్టుకుని తిరిగే పెద్దాయనే గుర్తొస్తాడు. లెక్క అడగడం అంటేనే అసలు పని తెలుస్తుంది.

ఇంతకీ లెవిన్ ఎవరంటే, డెట్రాయిట్ వాడే. ఇక్కడి సిటీ కౌన్సిల్లో పనిచేసి, 1979 నుంచి 2015 దాకా 36 ఏళ్లు సెనేట్‌లో ఉన్న డెమోక్రాట్. 2021లో పోయారు. సెనేట్‌లో పర్మనెంట్ సబ్‌కమిటీ ఆన్ ఇన్వెస్టిగేషన్స్ అని ఒకటుంది. దాని అధ్యక్షుడిగా ఆయన బ్యాంకుల్ని, పన్ను ఎగవేతల్ని తవ్వారు. 2013లో ఆపిల్ అధిపతి టిమ్ కుక్‌ను పిలిచి ఐర్లండ్ కంపెనీల పన్ను సంగతి అడిగింది ఆ కమిటీయే. అప్పుడు లెవిన్ పక్కన కూర్చున్నది రిపబ్లికన్ జాన్ మెకెయిన్. లెవిన్ రిటైరైన 2015లోనే ఈ కేంద్రం మొదలైంది. ఆయన దగ్గర ఏళ్ల తరబడి పనిచేసిన ఇద్దరు న్యాయవాదులు, లిండా గస్టిటస్, ఎలీజ్ బీన్, వాషింగ్టన్‌లో దీని శిక్షణను నిలబెట్టారు.

సిబ్బందికి ఎందుకు అనొచ్చు మీరు. మన దగ్గర కమిటీ సిబ్బంది సచివాలయం ఉద్యోగులు, వాళ్లకు పార్టీ లేదు. పక్కన కాగ్ మనుషులు కూర్చుని ఎక్కడ ఏముందో అందిస్తారు. అమెరికా కాంగ్రెస్‌లో అలా కాదు. కమిటీలో అధికార పక్షానికి వేరే సిబ్బంది, ప్రతిపక్షానికి వేరే సిబ్బంది. ఉత్తరాలు రాసేది, సాక్షుల్ని ముందుగా కలిసేది, ఎవర్ని ఏం అడగాలో చీటీ రాసిచ్చేది వీళ్లే. చాలామంది చిన్నవాళ్లు. బయట జీతాలు ఎక్కువ కాబట్టి పని ఒంటబట్టేలోపే వెళ్లిపోతుంటారు.

వాళ్లకోసం లెవిన్ కేంద్రం మరో రెండు సంస్థలతో కలిసి రెండు రోజుల శిబిరాలు పెడుతుంది. అందులో ఒకటి రిపబ్లికన్ సెనేటర్ రిచర్డ్ లూగర్ పేరు మీద ఉన్న లూగర్ సెంటర్. బూట్ క్యాంప్ అంటారు, సైన్యం మాట. రెండు పార్టీల వాళ్లూ, రెండు సభల వాళ్లూ వస్తారు. విషయం ఎంచుకోవడం, కాగితాలు అడుగుతూ ఉత్తరం రాయడం, సాక్షితో మాట్లాడటం, విచారణ జరపడం, నివేదిక రాయడం. వింటే మన ఇన్‌స్పెక్షన్ మాన్యువల్ లాగే ఉంటుంది. తేడా అంతా ఒక్క అలవాటులో ఉంది. లెవిన్ కమిటీలో వచ్చిన కాగితాలు రెండు పక్షాలకూ అందేవి. సాక్షిని కలిసేటప్పుడు రెండు పక్షాల సిబ్బందీ ఒకే గదిలో ఉండేవారు. ముందు జరిగిందేమిటో ఇద్దరూ ఒప్పుకోవాలి. దాని అర్థమేమిటో, చట్టం ఎలా మార్చాలో తర్వాత కొట్టుకోవచ్చు.

ఇది మంచితనం కోసం చేసే పని అనుకోకండి. ఫలితం ఎలా మారుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. 2008లో బ్యాంకులు కూలాయి. ఇక్కడ ఇళ్లు పోగొట్టుకున్న వాళ్లు మీ వీధుల్లోనే ఉండి ఉంటారు. ఎందుకు కూలాయో తేల్చడానికి కాంగ్రెస్ పదిమందితో ఒక కమిషన్ వేసింది. డెమోక్రాట్లు నియమించినవాళ్లు ఆరుగురు, రిపబ్లికన్లు నియమించినవాళ్లు నలుగురు. 2011 జనవరిలో నివేదిక వచ్చింది. ఓటు ఎంత? ఆరు, నాలుగు. ఆ నలుగురిలో ముగ్గురు ఒక అసమ్మతి రాశారు, నాలుగో ఆయన ఇంకో అసమ్మతి రాశారు. ఎవరికి నచ్చిన కారణం వాళ్లు చదువుకున్నారు.

అదే ఏడాది ఏప్రిల్లో అదే కూలుడు మీద లెవిన్ కమిటీ నివేదిక వచ్చింది. ఆరు వందల పైచిలుకు పేజీలు. లెవిన్‌తో పాటు సంతకం పెట్టింది ఓక్లహోమా రిపబ్లికన్ టామ్ కోబర్న్. ప్రసూతి వైద్యుడు, ప్రభుత్వ ఖర్చు అంటేనే మండిపడే మనిషి. లెవిన్‌తో ఆయనకి పన్నుల మీదా పడదు, ప్రభుత్వ ఖర్చు మీదా పడదు. అయినా నివేదిక ఒక్కటే వచ్చింది, ఎందుకని? లోకమంతా ఎందుకు కూలిందని వాళ్లు అడగలేదు. నాలుగు కేసులు పట్టుకున్నారు. ఇష్టమొచ్చినట్టు అప్పులిచ్చిన వాషింగ్టన్ మ్యూచువల్ అనే బ్యాంకు, దాన్ని చూస్తూ ఊరుకున్న నియంత్రణ సంస్థ, ఆ చెత్త అప్పుల కాగితాలకు మంచి మార్కులు వేసిన రేటింగ్ కంపెనీలు, ఆ చెత్తను అమ్మిన గోల్డ్‌మన్ శాక్స్, డాయిష్ బ్యాంక్. ప్రతిదానికీ వాళ్ల సొంత ఈమెయిళ్లే ఆధారం. ఈమెయిల్లో ఉన్నదానికి పార్టీ ఉండదు కదా. మా ఆడిట్‌లో కూడా ఇంతే. "శాఖలో అవినీతి పెరిగింది" అని రాస్తే అది వ్యాసం అవుతుంది, "ఫలానా ఓచరుకు ఫలానా రసీదు లేదు" అంటేనే పేరా నిలుస్తుంది.

అయితే ఈ సబ్‌కమిటీ ఎప్పుడూ ఇంత పద్ధతిగా లేదు. దీని మూలం 1941లో, తర్వాత అధ్యక్షుడైన సెనేటర్ ట్రూమన్ నడిపిన కమిటీ. యుద్ధ కాంట్రాక్టుల్లో దోపిడీ సంగతి చూడటానికి మొదట ఇచ్చింది 15,000 డాలర్లు. తన కారులో తనే ఊళ్లు తిరిగాడాయన. ఆ కమిటీ నివేదికలన్నీ ఏకగ్రీవం. పన్నెండేళ్లు తిరక్కుండానే అదే కుర్చీలో, కమ్యూనిస్టుల వేటకు పేరుపడ్డ సెనేటర్ జోసెఫ్ మెకార్తీ కూర్చున్నాడు. సిబ్బందిని తనొక్కడే నియమిస్తానన్నాడు. 1953 జులైలో డెమోక్రాట్ సభ్యులు ముగ్గురూ లేచి వెళ్లిపోయారు. మరుసటి ఏడాది జనవరిలో ప్రతిపక్షానికి తన సొంత న్యాయవాది ఉండాలని ఒప్పించుకున్నాకే తిరిగొచ్చారు. ఆ న్యాయవాది కుర్రవాడు రాబర్ట్ కెన్నెడీ. మెకార్తీ మూసిన తలుపుల వెనక జరిపిన విచారణల రాతప్రతుల్ని 2003లో బయటపెట్టింది ఎవరనుకున్నారు? ఆ సబ్‌కమిటీ పైనున్న పెద్ద కమిటీ అధ్యక్షురాలైన రిపబ్లికన్ సూసన్ కాలిన్స్, ఆమెతో పాటు లెవిన్. తమ కమిటీ తప్పును తామే ఆడిట్ చేసుకున్నారన్నమాట.

ఇప్పుడు నాకిష్టమైన కథకు వస్తాను. వాటర్‌గేట్, అంటే ప్రతిపక్షం ఆఫీసులో చొరబడి, దాన్ని కప్పిపుచ్చిన అధ్యక్షుడు నిక్సన్ మనుషుల కుంభకోణం. 1973 ఫిబ్రవరిలో సెనేట్ దానిమీద విచారణ కమిటీని 77–0 ఓటుతో వేసింది. నలుగురు డెమోక్రాట్లు, ముగ్గురు రిపబ్లికన్లు. జులై 13, శుక్రవారం. నిక్సన్ ఆఫీసులో పనిచేసిన అలెగ్జాండర్ బటర్‌ఫీల్డ్‌ను సిబ్బంది ఒక గదిలో ప్రశ్నిస్తున్నారు. రెండు పక్షాల వాళ్లూ ఉన్నారు. డెమోక్రాట్ల వైపు వాళ్లు గంటల తరబడి అడిగారు. తర్వాత రిపబ్లికన్ల వైపు డొనాల్డ్ శాండర్స్ వంతు. ఒకప్పటి ఎఫ్‌బీఐ మనిషి. నిక్సన్ తనను ఒక మూలకు తీసుకెళ్లి గుసగుసగా మాట్లాడారని ఆయన ఆఫీసు న్యాయవాది జాన్ డీన్ అంతకుముందే సాక్ష్యం చెప్పాడు. సొంత గదిలో గుసగుస ఎందుకు? శాండర్స్‌కు అది గుచ్చుకుంది. మాటలు రికార్డవుతున్నాయా అని అడిగేశాడు. అవుతున్నాయని బటర్‌ఫీల్డ్ చెప్పాడు. సోమవారం నాడు టీవీ కెమెరాల ముందు అదే ప్రశ్న మళ్లీ అడిగింది కూడా రిపబ్లికన్ల న్యాయవాది ఫ్రెడ్ థాంప్సనే. మరుసటి ఏడాది ఆగస్టులో నిక్సన్ రాజీనామా చేశాడు.

తన పార్టీ అధ్యక్షుణ్ణి దించే ప్రశ్నను తన పార్టీ గుమాస్తాయే అడిగాడు. అలాగని అందర్నీ మహాత్ముల్ని చేయకండి. టేపుల సంగతి వైట్‌హౌస్‌కు ముందే ఉప్పందించానని థాంప్సనే తర్వాత ఒప్పుకున్నాడు. నాకు అందుకే ఈ కథ నచ్చుతుంది. మనుషులు మనుషుల్లానే ఉన్నారు. కానీ శాండర్స్ ఆ గదిలో ఉండాలన్న పద్ధతి ఉంది, డీన్ సాక్ష్యం అతను చదివి ఉన్నాడు.

డెట్రాయిట్ ఉన్న ఈ మిషిగన్ రాష్ట్రంలో ఈ శిక్షణకు మరో కారణం ఉంది. 1992లో ఇక్కడి ఓటర్లు పదవీకాలానికి హద్దు పెట్టారు. దిగువ సభలో మొత్తం ఆరేళ్లే. ఆరేళ్లలో బడ్జెట్ చదవడం వచ్చేసరికి ఇంటికి పోవాలి. ఆఫీసర్లు మాత్రం అక్కడే ఉంటారు. "మీ ముందు సభ్యులకు చెప్పాం కదండీ" అంటే కొత్తవాడు ఏం చేస్తాడు? 2022లో రెండు సభల్లో కలిపి పన్నెండేళ్లకు మార్చారు. కొంత నయం.

మన దగ్గరి సంగతీ అడుగుతారని తెలుసు. పార్లమెంటు పీఏసీలో 22 మంది, మంత్రులు ఉండరు, 1967 నుంచి అధ్యక్షపదవి ప్రతిపక్షానికి ఇవ్వడం ఆనవాయితీ. ఆనవాయితీ గట్టిదే కానీ ఒత్తిడికి వంగుతుంది. 2011లో 2జీ నివేదిక ముసాయిదా దగ్గర కమిటీ పార్టీల వారీగా చీలింది. అసెంబ్లీల్లో ఆ కుర్చీ ఎవరిదన్న గొడవ హైదరాబాద్‌లోనూ చూశాం, 2024లో అమరావతిలోనూ చూశాం. నాకు మాత్రం అధ్యక్షుడెవరన్నదానికన్నా పక్కన కూర్చున్నవాళ్లలో పేరా చదివి వచ్చినవాళ్లు ఎంతమంది అన్నదే ముఖ్యం. కొత్త ఎమ్మెల్యేలకు శిక్షణ తరగతులు మన దగ్గరా ఉన్నాయి. సభా నియమాలు చెబుతారు, ప్రసంగించడం చెబుతారు. ఒక నిజమైన పేరా చేతికిచ్చి, ఎదుటి పార్టీ ఎమ్మెల్యేని జంటగా కూర్చోబెట్టి, అధికారి వేషంలో ఒకరిని పెట్టి, "వివరాలు తెప్పించి సమర్పిస్తాం సార్" అన్నాక ఏం అడుగుతారో చూడాలి. ఖర్చు కూడా పెద్దగా కాదు, రెండు రోజులు, కొన్ని జిరాక్సులు.

ఆ పైపులు చివరికి ఏమయ్యాయని మా అమ్మాయి అడిగింది. నేను బదిలీ అయి వెళ్లేదాకా ఆ గోదాములోనే ఉన్నాయి.

ఇక మీ ప్రశ్నలు. నాకు అడగడమే గానీ జవాబు చెప్పే అలవాటు తక్కువ, కాస్త ఓపిక పట్టండి.